రంగు గ్రుడ్లు, పెరటి కోళ్లు

విశాఖపట్టణములోని రైతు బజారులలో గ్రుడ్ల దుకాణము ముందు ఒక గడియ నిలిచి చూచినవారికి ఒక వింత కనిపించును. ఒకవైపున అట్టపలకలలో వరుసలుగా పేర్చిన తెల్లని గ్రుడ్లు ఉండును. అవి అన్నియు ఒకే పరిమాణము, ఒకే రంగు. వేరొకవైపున చిన్న గంపలో, తవుడు పరచిన పానుపుమీద, పదియో ఇరువదియో గ్రుడ్లు ఉండును. వానిలో ఒకటి మీగడ వన్నెది, మరియొకటి లేత గోధుమ వన్నెది, ఇంకొకటి ఇటుక పొడి చల్లినట్లు చుక్కలు గలది. కొనువారు తెల్లని గ్రుడ్లను డజన్ల లెక్కన తీసికొనుచునే, గంపలోని రంగు గ్రుడ్లను చేతబట్టి త్రిప్పి త్రిప్పి చూతురు. “ఇవి నాటుగ్రుడ్లు, బాలింతలకు, పిల్లలకు మంచి సత్తువ” అని అమ్మువారు చెప్పుదురు. వాని ధర ఎక్కువ; ఒక్కొక్కప్పుడు తెల్లగ్రుడ్డునకు రెట్టింపు. అయినను ఆ గంప ప్రొద్దెక్కకమునుపే ఖాళీ యగును.

1933లో ఓడరేవు ప్రారంభమైన నాటినుండి ఈ పట్టణము పెరుగుచునే యున్నది. ఉక్కు కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగినది. 1992లో అది జాతికి అంకిత మొనర్పబడినది. ఇంతటి పట్టణమునకు చుట్టుపట్ల గ్రామములే పాలు, కూరగాయలు అందించుచున్నవి. ఆనందపురము, పద్మనాభము, భీమునిపట్టణము, పెందుర్తి, సబ్బవరము, పరవాడ ప్రాంతముల ఇల్లాండ్రకు రంగు గ్రుడ్ల గంపయు ఒక చిన్న ఆదాయ మార్గము. కర్మాగారమునకు భూములిచ్చి నిర్వాసిత కాలనీలకు తరలిన కుటుంబములలో పొలము పోయినను పెరడు మిగిలినవారు కలరు. వారికి కూడ ఇది అందుబాటులో నున్న వృత్తియే. గ్రుడ్లమీద వచ్చు రూపాయి సాధారణముగా ఇంటి ఆడువారి చేతిలోనే ఉండును. పిల్లవాని పలక పుస్తకములకు, పండుగనాటి గాజులకు, వేళగానివేళ మందు బిళ్లకు ఆ రూపాయియే ఆధారము.

కాబట్టి ఈ గంపను గూర్చి మూడు సంగతులు స్పష్టముగా తెలిసికొనుట మంచిది. గ్రుడ్డునకు రంగు ఎట్లు వచ్చుచున్నది? ఆ రంగులో నిజముగా సత్తువ ఉన్నదా? ఆ గంప ఏడాది పొడవున నిండవలెనన్న పెరటిలో ఎట్టి కోళ్లను, ఎట్లు పెంచవలెను?

పెంకునకు రంగు ఎట్లు వచ్చును?

పెట్ట కడుపులో ఒక గ్రుడ్డు తయారగుటకు ఇంచుమించు ఒక దినము, అనగా 24 మొదలు 26 గంటలు పట్టును. ముందు పచ్చసొన విడివడును. దానిచుట్టు తెల్లసొన చేరును. ఆపైన పలుచని పొర ఏర్పడును. పిమ్మట గ్రుడ్డు పెంకు సంచిలోనికి దిగి, సుమారు 20 గంటలు అందే యుండును. అచ్చట సున్నపు పదార్థము పేరుకొని గట్టి పెంకు అగును. ఏ కోడి పెంకైనను మొదట తెల్లనిదే. రంగు పెట్టు జాతులలో మాత్రము ఆ సంచి గోడలనుండి ఒక వర్ణద్రవ్యము స్రవించి పెంకునకు పట్టును.

గోధుమ రంగునకు కారణమైన ద్రవ్యము పేరు ప్రోటోపార్ఫిరిన్. మన రక్తమునకు ఎరుపు నిచ్చు పదార్థమునకు ఇది దగ్గరి చుట్టము. గ్రుడ్డు బయటికి వచ్చుటకు ముందు చివరి కొన్ని గంటలలో ఇది పెంకు పైభాగమున పూతవలె పడును. అందుచేతనే గోధుమ రంగు గ్రుడ్డును పగులగొట్టి పెంకు లోపలివైపు చూచినచో తెల్లగానే ఉండును. పూత పలుచనైన మీగడ వన్నె, చిక్కనైన ముదురు గోధుమ వన్నె, అక్కడక్కడ ఎక్కువ పడిన చుక్కలు ఏర్పడును.

నీలి గ్రుడ్లు పెట్టు కోళ్లు కూడ లోకమున కలవు. దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు అరౌకానా కోడి ఇందులకు ప్రసిద్ధి. చీనా దేశమునందును అట్టి జాతి యున్నది. ఈ నీలి రంగు బిలివర్డిన్ అను పిత్త సంబంధమైన ద్రవ్యమువలన కలుగును. ఇది పైపూత కాదు. పెంకు అంతటను వ్యాపించును గనుక పెంకు లోపలివైపును నీలముగానే ఉండును. పూర్వ మెప్పుడో ఒక వైరసు జన్యుభాగము కోడి వంశసూత్రములో చొరబడి నిలిచిపోవుటవలన ఈ గుణము సంక్రమించినదని 2013లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. నీలి గ్రుడ్లు పెట్టు జాతిని, గోధుమ గ్రుడ్లు పెట్టు జాతిని కలిపినచో, నీలిపై గోధుమ పూత పడి పుట్టిన పెట్టలు ఆకుపచ్చ గ్రుడ్లు పెట్టును. ఇది మనకు మరీ కొత్త వింత కాదు. మన బాతు గ్రుడ్లలో కొన్నింటికి కనిపించు ఆకుపచ్చని నీడ ఈ ద్రవ్యముదే.

ఏ పెట్ట ఏ రంగు గ్రుడ్డు పెట్టునో దాని చెవితమ్మనుబట్టి కొంతవరకు ఊహింపవచ్చును. తెల్లని చెవితమ్మ గల జాతులు సాధారణముగా తెల్లని గ్రుడ్లను, ఎర్రని చెవితమ్మ గలవి గోధుమ వన్నె గ్రుడ్లను పెట్టును. అయితే సంకర జాతులలో ఈ గురుతు తప్పిపోవుటయు కలదు.

రంగు వేరు, సత్తువ వేరు

పై వివరణనుబట్టి ఒక సత్యము తేటపడుచున్నది. రంగు పెంకునకు సంబంధించినది. పెంకు మనము తినునది కాదు. కోడి పెట్టిన తెల్లగ్రుడ్డునందును, గోధుమ గ్రుడ్డునందును, నీలి గ్రుడ్డునందును మాంసకృత్తులు ఒకే తీరుగా ఉండును. సగటు గ్రుడ్డులో ఇవి సుమారు 6 గ్రాములు. రంగు గ్రుడ్డు వంశమును తెలుపును, పోషణను తెలుపదు.

అయినచో పల్లె గ్రుడ్డు రుచి వేరని పెద్దలు చెప్పుమాట వట్టిదేనా? పూర్తిగా వట్టిది కాదు. పెరటిలో తిరుగు పెట్ట ఆకుకూరలు, గడ్డి మొలకలు, పురుగులు తినును. పచ్చని ఆకులోని వర్ణద్రవ్యములు పచ్చసొనలోనికి చేరి దానికి ముదురు పసుపు, నారింజ వన్నెల నిచ్చును. పచ్చ మొక్కజొన్న వేసినను, బంతిపూల రేకులు వేసినను ఇట్లే జరుగును. కావున పచ్చసొన రంగు మేతనుబట్టి మారును. పెంకు రంగు జాతినుబట్టి ఉండును. ఈ రెంటిని కలగలిపి చెప్పుటవలననే మనలో పొరపాటు ప్రబలినది.

కడక్‌నాథ్ విషయములోను ఇట్టి పొరపాటే కలదు. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతమునకు చెందిన ఈ కోడి మాంసము నల్లనిది. గ్రుడ్డు మాత్రము నల్లనిది కాదు, లేత గోధుమ వన్నెది. నల్లని పెంకు గ్రుడ్డును ఎవరైన కడక్‌నాథ్ గ్రుడ్డని అమ్మినచో అది రంగు వేసినదని గ్రహింపవలెను.

నాటుకోడి, సీమజాతి కోడి, సంకరకోడి

మన ఉత్తరాంధ్రమునకు సొంతమైన నాటుకోళ్లు కలవు. విజయనగరము, దాని చుట్టుప్రక్కల ప్రాంతములలో కనిపించు డంకి జాతి దేశీయ కోళ్లజాతులలో ఒకటిగా గుర్తింపబడినది. అసీలు జాతి ఆంధ్రదేశమంతటను ప్రసిద్ధమే. ఈ కోళ్లకు రోగనిరోధక శక్తి, ఓర్పు మెండు. గ్రద్ద నీడ పడగానే పొదలోనికి దూరును. తమ పిల్లలను తామే పొదిగి, తామే సాకును. లోపమెల్ల ఒక్కటే: గ్రుడ్లు తక్కువ. సాధారణ నాటుపెట్ట ఏడాదికి 50, 60 గ్రుడ్లకు మించి పెట్టుట అరుదు. పది, పండ్రెండు గ్రుడ్లు పెట్టగానే పొదుగుటకు కూర్చుండును. పిల్లలతో తిరుగునంత కాలము మరల గ్రుడ్డు పెట్టదు.

1952 అక్టోబరు 2వ తేదీన సమాజాభివృద్ధి పథకము ఆరంభమైన పిమ్మట ఈ లోపమును తీర్చుటకు బ్లాకులద్వారా సీమజాతి పుంజులను గ్రామములకు పంచిరి. వానిలో ముఖ్యమైనవి వైట్ లెగ్‌హారన్, రోడ్ ఐలండ్ రెడ్. మొదటిది ఇటలీలోని లివోర్నో రేవునుబట్టి పేరు పొందినది. విశాఖపట్టణమువలె అదియు ఓడరేవే. వైట్ లెగ్‌హారన్ పెట్ట తెల్లని గ్రుడ్లు విస్తారముగా పెట్టును. నేటికిని మన రాష్ట్రములోని పెద్ద ఫారములలో తెల్లగ్రుడ్లు పెట్టునవి ఈ సంతతివే. గ్రుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశమునకే అగ్రగామియగుటకు ఈ జాతియే మూలము. కాని పెరటికి ఇది తగదు. దాని తెల్లని ఈకలు దూరమునుండియే గ్రద్ద కంటబడును. సమతూకముగల దాణా లేనిచో గ్రుడ్లు తగ్గును. రోడ్ ఐలండ్ రెడ్ ఎర్రని ఈకలు గలది. గోధుమ వన్నె గ్రుడ్లు పెట్టును. ఈ గుణములచేత పెరటి కోళ్ల సంకరములలో దానికి స్థానము లభించినది.

ఈ అనుభవమునుండి శాస్త్రజ్ఞులు ఒక పాఠము నేర్చుకొనిరి. పెరటికి కావలసినది ఫారపు కోడి కాదు. నాటుకోడివలె రంగురంగుల ఈకలు, చురుకుదనము, ఓర్పు కలిగి, అంతకన్న ఎక్కువ గ్రుడ్లు పెట్టు సంకరకోడి. హైదరాబాదులోని రాజేంద్రనగరమున 1988లో ఏర్పడిన కేంద్రప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ ఈ ఆశయముతో వనరాజా, గ్రామప్రియ అను రెండు రకములను రూపొందించినది. వనరాజా బరువైన పక్షి. మాంసమునకును గ్రుడ్లకును పనికివచ్చును. పెరటిలో ఏడాదికి సుమారు 100 గ్రుడ్లు పెట్టును. గ్రామప్రియ కొంత తేలికైనది. ముఖ్యముగా గ్రుడ్లకొరకు ఉద్దేశించినది. శ్రద్ధగా చూచినచో పెరటిలోనే ఏడాదికి 150కి పైగా గ్రుడ్లు పెట్టును. రెంటి గ్రుడ్లును గోధుమ వన్నెవే. నగరములో కొనువారు కోరు రంగు ఈ విధముగా సహజముగానే లభించుచున్నది.

ఒక చిన్న లెక్క

ఒక్కొక్క మనిషి ఏడాదికి 180 గ్రుడ్లు తినవలెనని మన పోషకాహార నిపుణులు సూచించియున్నారు. నలుగురుగల కుటుంబమునకు 720 గ్రుడ్లు కావలెను. ఏడాదికి 50 గ్రుడ్లు పెట్టు నాటుపెట్టలు ఐదు ఉన్నచో వచ్చునవి 250 మాత్రమే. 720 గ్రుడ్లకు 15 నాటుపెట్టలు కావలసియుండును. ఏడాదికి 150 గ్రుడ్లు పెట్టు సంకరపెట్టలు ఐదు ఉన్నచో 750 గ్రుడ్లు వచ్చును. అనగా ఐదు పెట్టలు ఇంటిల్లిపాదికిని సరిపోవును. ఇంకొక ఐదు పెట్టలు ఉన్నచో ఆ గ్రుడ్లన్నియు గంపకెక్కును. పది పెట్టలకు మించి పెంచుట పెరటి మేతకు భారమగును. అప్పుడు దాణా కొనవలసివచ్చి లాభము తగ్గును.

అయితే అమ్మకపు ఆశతో ఇంటి పిల్లల నోటి గ్రుడ్డును కూడ బజారునకు పంపుట న్యాయము కాదు. ముందు ఇంటికి, పిమ్మట గంపకు అన్న నియమము పాటింపవలెను.

పిల్లలను ఎచ్చటినుండి తెచ్చుకొనవలెను?

ఇచ్చట చాలమంది ఒక పొరపాటు చేయుదురు. గ్రామప్రియ పెట్టలు బాగుగా గ్రుడ్లు పెట్టుచున్నవని, ఆ గ్రుడ్లనే పొదిగించి తరువాతి తరమును తయారుచేసికొందురు. సంకరజాతిలో మొదటి తరమునకు గల బలము రెండవ తరమున నిలువదు. కొన్ని పిల్లలు బాగుండును, కొన్ని వెనుకబడును. గ్రుడ్ల సంఖ్య తగ్గును. గ్రుడ్ల రంగు కూడ ఒకదానికొకటి పొందిక లేకుండును. కాబట్టి గ్రుడ్లకొరకు పెంచు పెట్టలను రెండేండ్లకొకసారి క్రొత్త పిల్లలతో మార్చుకొనుట మేలు.

ఒక దినము వయసుగల పిల్లలు చౌకగా వచ్చినను వానిని మొదటి నాలుగు వారములు వెచ్చగా సాకుట కష్టము. మొదటి వారమున సుమారు 35 డిగ్రీల వెచ్చదనము కావలెను. తరువాత వారమువారము కొంచెము కొంచెముగా తగ్గింపవచ్చును. అట్టి వసతి లేనివారు నాలుగు వారములు పెంచి టీకాలు వేసిన పిల్లలను తెచ్చుకొనుట శ్రేయస్కరము. వాని ధర ఎక్కువైనను చావులు తక్కువ.

సంకరపెట్టలు పొదుగుటకు కూర్చుండవు. కావున పెరటిలో ఒకటి రెండు నాటుపెట్టలను తప్పక ఉంచుకొనవలెను. నాటుపెట్టలపై సంకరజాతి పుంజును వదలి, ఆ గ్రుడ్లను నాటుపెట్టచేతనే పొదిగించినచో పుట్టిన పిల్లలు తల్లికన్న ఎక్కువ గ్రుడ్లు పెట్టును, తల్లివలె ఓర్చును. పది పెట్టలకు ఒక్క పుంజు చాలును. పొదుగుటకు వారములోపలి గ్రుడ్లనే వాడవలెను. నాటుపెట్ట క్రింద పది, పండ్రెండు గ్రుడ్లకు మించి పెట్టరాదు. ఏడవ నాటి రాత్రి గ్రుడ్డును దీపపు వెలుగునకు అడ్డముగా పట్టి చూచినచో, జీవమున్న గ్రుడ్డులో సాలెగూడువంటి రక్తనాళములు కనిపించును, లేనివానిని తీసివేయవలెను. 21వ దినమున పిల్లలు బయటికి వచ్చును.

నాటుకోడిని పూర్తిగా తొలగించుట ఎన్నటికిని కూడదు. తరతరముల ఎండవానలకు ఓర్చిన ఆ వంశము ఒకసారి పోయినచో మరల రాదు.

గూడు, మేత

గూడు ఖరీదైనది కానక్కరలేదు. రాత్రివేళ ఒక్కొక్క కోడికి ఒక చదరపు అడుగు చోటు చాలును. వెదురు తడికలతోనో చెక్కలతోనో, నేలకు రెండడుగుల ఎత్తున, గాలి వెలుతురు వచ్చునట్లు కట్టుకొనవలెను. ముంగిస, పిల్లి, వీధి కుక్క దూరకుండ తలుపు బిగువుగా ఉండవలెను. సముద్రతీర ప్రాంతమగుటచే మనకు ఉక్క ఎక్కువ, వానాకాలమున తేమ ఎక్కువ. గూటిలోని ఊక తడిసినచో పిల్లలకు రక్తపారుడు వ్యాధి సోకును. కావున ఊకను అప్పుడప్పుడు తిరుగవేయుచు, తడిసిన దానిని మార్చవలెను. గ్రుడ్లు పెట్టుటకు చీకటిగానుండు మూలను గడ్డి పరచిన గంప నుంచినచో గ్రుడ్లు శుభ్రముగా ఉండును.

పగలు కోళ్లు తిరిగి తినునది కాక, ప్రొద్దునను సాయంకాలమును కలిపి ఒక్కొక్క పెట్టకు 30 మొదలు 50 గ్రాముల గింజలు వేయవలెను. నూకలు, తవుడు, మొక్కజొన్న రవ్వ మంచివి. చోళ్లు, గంటెలు పండించువారు ఆ నూకలను వాడవచ్చును. మన్యములో సామలు కూడ పనికివచ్చును. వేరుసెనగ చెక్క కొలదిగా కలిపినచో మాంసకృత్తులు లభించును; బూజు పట్టిన చెక్కను మాత్రము తాకనీయరాదు. చెదపురుగులు కోడిపిల్లలకు అమృతప్రాయము. ఎండవేళ మట్టిమూకుడులో చల్లని శుభ్రమైన నీరు ఎల్లప్పుడు ఉండవలెను.

పెంకు చాలవరకు సున్నపు పదార్థమే. ఒక్కొక్క గ్రుడ్డు పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉండును. అది లోపించినచో గ్రుడ్డు మెత్తబడును, చేతిలోనే చిట్లును. భీమునిపట్టణపు తీరమున ఆల్చిప్పలు, గుల్లలు దొరకును. వానిని మంచినీట కడిగి ఉప్పు వదలించి, ఎండబెట్టి, మెంతి గింజలంత ముక్కలుగా దంచి వేరొక మూకుడులో ఉంచినచో పెట్టలు తమకు కావలసినంత తామే తినును.

రంగు వెలవెలబోయినచో

రంగు పోషణను తెలుపదని చెప్పియుంటిమి. అయితే అది వంశమునే కాక మరియొక సంగతిని కూడ తెలుపును: పెట్ట ఆరోగ్యమును. వయసు ముదిరినను, ఎండ మిక్కుటమైనను, బెదరినను గోధుమ గ్రుడ్ల రంగు కొంత పలుచబడును. అందుచేత ఒక్క పెట్ట గ్రుడ్డు పాలిపోయినచో కలత పడనక్కరలేదు. కాని పెరటిలోని పెక్కు పెట్టలు రెండు మూడు దినములలోనే ఒక్కసారిగా వెలవెలబోయిన గ్రుడ్లను, మెత్తని పెంకు గ్రుడ్లను పెట్టనారంభించినచో అది తెగులునకు ముందు గురుతు కావచ్చును.

కొన్ని సంవత్సరముల క్రిందట ఉద్యోగధర్మముగా భీమునిపట్టణ ప్రాంతమున ఒక గ్రామమునకు పోయినప్పుడు ఒక ముసలమ్మ ఖాళీ గంపను చూపి ఇట్లు చెప్పినది: “బావూ, గుడ్డు తెల్లబడిపోనాది. దిష్టి తగిలినాదనుకొని ఎర్రనీళ్లు తిప్పి పారబోసినాను. నాలుగు రోజులకి పెట్టలన్నీ పోనాయి. మా వీధి వీధంతా పోనాయి.” ఆ వీధిలో ఒక్క కోడికిని టీకా వేయలేదు. పిల్లలను తెచ్చిన ఖర్చు, పెంచిన శ్రమ, అమ్మవలసిన గ్రుడ్లు అన్నియు నాలుగు దినములలో నేలపాలైనవి.

ఇది కొక్కెర తెగులు. మన దేశమున మొదట ఉత్తరదేశములోని రాణీఖేత్ అను పర్వతపట్టణమున 1927లో గుర్తింపబడుటచే దీనిని రాణీఖేత్ వ్యాధి యందురు. ఇది వైరసువలన కలుగును. కోళ్లు మందకొడిగా నిలిచియుండును, నోరు తెరచి రొప్పును, ఆకుపచ్చ, తెలుపు కలిసిన విరేచనములగును, మెడ వంకరపోవును, కాళ్లు, రెక్కలు పడిపోవును. సోకిన పిదప నయముచేయు మందు లేదు. ముందుగా టీకా వేయుటయే మార్గము.

టీకా క్రమము ఇట్లుండును. పిల్లకు 5 మొదలు 7 దినముల వయసున కంటిలోనో ముక్కులోనో చుక్కమందు వేయవలెను. నాలుగవ వారమున మరల చుక్కమందు వేయవలెను. 8 మొదలు 10 వారముల వయసున రెక్క క్రింద సూదిమందు వేయింపవలెను. ఈ సూదిమందు ముందు చుక్కమందు పడని పిల్లలకును, ఎనిమిది వారములలోపు పిల్లలకును వేయరాదు. దానివలన హాని కలుగవచ్చును. ఆరేడు వారముల వయసున కోళ్ల మశూచి టీకాయు అవసరము.

అయినచో ఆ వీధిలో టీకా ఎందుకు పడలేదు? ఒక మందుసీసా నూరు కోళ్లకు సరిపోవును. సీసా తెరచి నీటిలో కలిపిన మందు రెండు గంటలలోపల వాడవలెను. అంతవరకు మంచులోనే ఉంచవలెను. ఐదు కోళ్లుగల ఇల్లాలు తన ఐదింటికొరకే ఒక సీసా తెప్పించుట సాధ్యము కాదు. ఇట్లు ప్రతి ఇల్లును విడివిడిగా ఆలోచించి ఊరుకొనును. ఇరువది ఇండ్లవారు కలిసికొని, ఒక దినము నిర్ణయించి, కోళ్లు గూటినుండి వెలువడకమునుపు వేకువనే ఆ వీధి కోళ్లన్నిటికి టీకా వేయించినచో ఒక్క సీసా నూరు కోళ్లను కాపాడును. పొదుపు సంఘముల సోదరీమణులు ఈ పనికి పూనుకొన్నచో మరి ఎవరికన్నను సులభముగా జరిపింపగలరు. గ్రామములోని పశుసంవర్ధక సహాయకునకు ఒక వారము ముందుగా తెలియజేసినచో మందు సిద్ధముచేయుటకు వీలగును.

తెగులు కనిపించినప్పుడు మరియొక ధర్మము గలదు. జబ్బుపడిన కోళ్లను సంతకు తీసికొనిపోయి చౌకగా అమ్మివేయుట తోటివారికి చేయు ద్రోహము; ఆ గంపతోనే తెగులు పదియూళ్లకు ప్రాకును. చచ్చిన కోళ్లను కాలువలో పారవేయక, లోతుగా గొయ్యి తీసి, సున్నము చల్లి పూడ్చవలెను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ సోకి కోళ్లు పెద్దసంఖ్యలో చచ్చిన సంగతి పాఠకులకు జ్ఞాపకముండును. అసాధారణముగా కోళ్లు చచ్చుచున్నప్పుడు వానిని వట్టిచేతులతో ముట్టక, పశువైద్యశాలకు వెంటనే తెలియజేయుట మనుష్యుల క్షేమమునకును అవసరము.

గంపను నిజాయితీగా అమ్ముట

రంగు గ్రుడ్లకు గిరాకి యున్నదని తెలిసి, తెల్లగ్రుడ్లను టీ డికాక్షనులోనో రంగునీటిలోనో ముంచి నాటుగ్రుడ్లని అమ్ముట అక్కడక్కడ జరుగుచున్నది. ఇది కొనువారికి మోసము. నిజముగా పెరటి కోళ్లు పెంచువారికి అంతకన్న నష్టము. ఒకసారి మోసపోయినవారు మరల ఏ గంప దగ్గరను ఆగరు.

పెరటి గ్రుడ్లకు ఒక సహజ లక్షణము కలదు. ఏ రెండు పెట్టల గ్రుడ్లును సరిగా ఒకే వన్నెతో ఉండవు. ఒక పెట్టది మీగడ, ఒక పెట్టది గోధుమ, ఒక పెట్టది చుక్కలది. గంపలోని గ్రుడ్లన్నియు అచ్చు పోసినట్లు ఒకే ముదురు రంగుతో ఉండి, తడిగుడ్డతో రుద్దగా రంగు చేతికంటుకొనినచో అనుమానింపవలసినదే. కాబట్టి అమ్మువారు తమ గ్రుడ్లను రంగులవారీగా వేరుచేయక, కలగలుపుగానే గంపలో ఉంచుట మంచిది. ఆ వన్నెల భేదమే వారి నిజాయితీకి సాక్ష్యము.

గ్రుడ్లను నీటితో కడుగరాదు; కడిగినచో పెంకుమీది సహజమైన రక్షణపూత పోయి త్వరగా చెడును. మురికి అంటినచో పొడిగుడ్డతో తుడువవలెను. సన్నని కొన క్రిందికి ఉండునట్లు నిలువుగా పేర్చి, తడియిసుకలో నిలిపిన మట్టికుండలో దాచినచో చల్లగా ఉండును. వేసవిలో మూడు నాలుగు దినములకొకసారి అమ్ముకొనుట క్షేమము. చన్నీటిలో వేసినప్పుడు అడుగున పడుకొన్న గ్రుడ్డు తాజాది, నిలుచున్నది నిలువది, తేలినది చెడినది. ఈ పరీక్షను కొనువారి ఎదుటనే చేసి చూపుటకు వెనుకాడరాదు.

“ఇది తెల్లగ్రుడ్డుకన్న బలము” అని చెప్పనవసరము లేదు. “ఇది మా పెరటిలో తిరిగి మేసిన కోడి గ్రుడ్డు, నిన్న పెట్టినది, మా వీధి కోళ్లన్నిటికి టీకా పడినది” అని చెప్పుట చాలును. ఆ మాటలలో అసత్యము లేదు, అతిశయోక్తి లేదు.

గ్రుడ్డు రంగును పుట్టుక నిర్ణయించును. అది మన చేతిలో లేదు. కోడి బ్రదుకును, గంప నిండుటను నిర్ణయించునది టీకా. అది మన చేతిలోనిది. ఈ మాసములోనే మీ వీధిలో ఎన్ని కోళ్లు కలవో లెక్కించుడు. ఇరుగుపొరుగువారితో మాటాడి ఒక దినము నిర్ణయించుకొనుడు. నూరు కోళ్లు పోగైననాడు ఒక్క సీసా చాలును.